రెండు తెల్ల పైపులు, ఒక తడి స్వెట్టర్

ఆ రోజుల్లో అమెరికాలో ఇల్లంటే నాకు గోడ మీద థర్మోస్టాట్ వరకే తెలుసు. బటన్ నొక్కితే వెచ్చగా ఉంటుంది, ఆ మధ్యలో జరిగేదంతా ఎవరో చూసుకుంటారు అనుకునేదాన్ని. మాస్టర్స్ అయ్యి, మాన్‌హాటన్‌లో మొదటి ఉద్యోగం దొరికి, న్యూజెర్సీలో మా అక్కావాళ్ళింట్లో బేస్‌మెంట్ గదిలో చేరాను. చలి మొదలవ్వగానే, ఇంటిని వేడిచేసే వాళ్ళ పాత ఫర్నేస్ పోయింది. ఊరికే పోలేదు, పెద్దగా దగ్గి, ఇంటినిండా కాలిన వాసన నింపి మరీ పోయింది.

మా బావ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా చదివింది మెకానికల్ (ఈ సంగతి ఎవరూ అడక్కుండానే ప్రతి పెళ్ళిలోనూ చెప్తాడు). కొత్త ఫర్నేస్‌నీ, గ్యాస్ లైన్‌నీ లైసెన్స్ ఉన్న టెక్నీషియన్ బిగించి వెళ్ళాడు. పైపులు మాత్రం తనే వేస్తానని బావ టౌన్ ఆఫీసు నుంచి పర్మిట్ తెచ్చుకున్నాడు. "రెండు ప్లాస్టిక్ పైపులే కదే! మంట మండడానికి ఒకటి బయటి గాలి తెస్తుంది, రెండోది పొగని బయటికి తోస్తుంది. మన ముక్కులాగే అనుకో" అన్నాడు. "మన ముక్కులో రెండు రంధ్రాలూ రెండు పనులూ చేస్తాయి కదా బావా?" అన్నాను. "నువ్వు మాన్యువల్ చదువు, చాలు" అన్నాడు. అలా నాకు మాన్యువల్ చదివే ఉద్యోగం వచ్చింది.

ఆ ఉద్యోగం నేను శ్రద్ధగా చేశానని ఇప్పటికీ చెప్పగలను. పొగ గొట్టం కిటికీ కింద పెట్టకూడదని చదివాను. బావ గోడకి గుర్తు పెట్టింది సరిగ్గా నా గది కిటికీ కిందే. "ఇంత పని చేసి పొగని మళ్ళీ నా మంచం మీదికే పంపిస్తావా?" అంటే గొణుక్కుంటూ పక్కకి జరిపాడు. వదిలిన పొగనే మళ్ళీ పీల్చుకోకుండా రెండు గొట్టాల మూతులూ ఎడంగా ఉండాలని, మంచు పేరుకున్నా మునగనంత ఎత్తులో ఉండాలని చదివాను. పొగలో నీళ్ళు కూడా చేరతాయట, అవి వెనక్కి జారి డ్రెయిన్‌లోకి పోయేలా ఆ పైపు ఫర్నేస్ వైపుకి వాలి ఉండాలట. బావ లెవెల్ పెట్టి చూసుకుంటూ, దూలాలకి క్లాంపులు ప్రస్తుతానికి వదులుగా తగిలించుకుంటూ, శనివారం సాయంత్రానికల్లా పైపులన్నీ ఒకదాంట్లో ఒకటి గుచ్చి నిలబెట్టాడు. అది కొలత సరిపోయిందో లేదో చూసుకోవడానికి మాత్రమే. తర్వాత విప్పి, అతుకు అతుకుకీ జిగురు గట్టిగా పట్టేలా ముందు ఊదారంగు ప్రైమర్ రాసి, జిగురు పూసి మళ్ళీ బిగించాలి. అదీ నేనే చదివి వినిపించాను.

కానీ ఈలోగా నేను ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. "అల్లుడిగారి చేతిలో కళ ఉంది" అంది తెనాలి పిన్ని. మావయ్య "ఫ్యాక్టరీ పనిలా ఉందయ్యా!" అన్నాడు. ఎవరో దణ్ణాలు కూడా పెట్టారు. అంతమంది మెచ్చుకున్నాక ఇంక ఆ పని కానట్టు ఎలా అనిపిస్తుంది? ఆదివారం పొద్దున బావ గోడ దగ్గరి అతుకులకి ప్రైమర్ రాసి జిగురు పెట్టాడు. ఇంతలో ఆఫీసు నుంచి కాల్ వచ్చింది, ప్రొడక్షన్‌లో ఏదో ఇష్యూ అని పైకెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి కిందికి దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసి, "అయిపోయింది. టౌన్ ఆఫీసు ఇన్‌స్పెక్టర్ చూడ్డానికి వచ్చేలోగా ఈ సాయంత్రం ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అన్నాడు. చలికి ముడుచుకుపోయి ఉన్న నేను చప్పట్లు కొట్టాను.

అప్పుడే నా ఉన్ని స్వెట్టర్ ఉతికాను. అది డ్రయర్‌లో వేస్తే పసిపిల్లకి సరిపోయేలా తయారవుతుంది. నా గది బయట, నెత్తికి కాస్త ఎత్తులో, తెల్లగా, గట్టిగా ఉన్న ఆ పైపు అచ్చం దండెంలా కనిపించింది. ఆరేశాను. వెనక్కి తిరిగానో లేదో దభీమని చప్పుడు. చూస్తే పైపూ స్వెట్టరూ కలిసి నేలమీదున్నాయి.

"ఫర్నేస్ పైపు మీద బట్టలు ఆరేస్తారా ఎవరైనా?" బావ మెట్ల మీంచే మొదలుపెట్టాడు. నేను సారీలు చెప్తూనే ఉన్నాను. వెనకాలే దిగిన అక్క మాత్రం పడిన పైపు తీసి కొస చూసింది. తర్వాత పైకి చూసింది. "ఏమండీ, గోడ దగ్గర ఊదా మరకలున్నాయి. ఇక్కడ ఒక్కటీ లేదేం? వీటికసలు జిగురు పెట్టారా?"

బావ మెట్లు దిగొచ్చి పైనున్న అతుకులు తడిమి చూశాడు. ఆ పైపు ఊడిన చోటికీ నా మంచానికీ మధ్య ఉన్నది ఒక పల్చటి తలుపు. ఆ పొగలో వచ్చే, ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవని మాకందరికీ తెలుసు. "దానికి అలారం ఉంది కదా..." అన్నాడు బావ నెమ్మదిగా. "అలారం ఉందని నా చెల్లెలి పక్కలోకి పొగ వదులుతారా?" అంది అక్క.

ఆ సాయంత్రం ఫర్నేస్ వెయ్యలేదు. బావ అతుకుల్లో ఏది గట్టిదో ఏది వదులో లాగి చూసి, వదులుగా ఉన్నవన్నీ విప్పి మొదటి నుంచీ చేశాడు. అక్క ఒక్కో అతుకూ వేలితో చూపించి "ఇది?" అనేది. "పెట్టాను" అని ఆయన ఒప్పజెప్పేవాడు. చేతులు మోచేతుల దాకా ఊదారంగు. టెక్నీషియన్ వచ్చి చూశాడు, ఇన్‌స్పెక్టర్ వచ్చి సంతకం పెట్టాడు, అప్పుడు గానీ అక్క స్విచ్ వెయ్యనివ్వలేదు.

వేశాక ముగ్గురం కోట్లు తగిలించుకుని ఇంటి పక్కకి పరిగెత్తాం. కాసేపటికి గొట్టం మూతిలోంచి తెల్లటి ఆవిరి మెల్లగా బయటికొచ్చింది. బావ నా టోపీ చెవుల మీదికి లాగాడు. లోపల ఇల్లు వెచ్చబడుతుంటే మేం చలిలో నిలబడి చూస్తూనే ఉన్నాం. ఆఫీసుకి దగ్గరగా జెర్సీ సిటీలో అపార్ట్‌మెంట్ దొరకట్లేదని సాకు చెప్పి నేను ఇంకో రెండు చలికాలాలు అక్కడే ఉండిపోయాను. నిజంగా వెతికిందే లేదని అక్కకి తెలుసు. ఇంటి గురించి ఏమీ తెలియని ఆ పిల్లకి, ఎక్కడ వెచ్చగా ఉంటుందో మాత్రం బాగానే తెలిసినట్టుంది.