కొరమేను వేరు పొయ్యి

మీసం సరిగ్గా మొలవకపోయినా ఉపన్యాసం మాత్రం ధారాళంగా వచ్చే వయసు నాది ఆ రోజుల్లో. మద్రాసు నుంచి విడిపోయి మన రాష్ట్రం మనం తెచ్చుకోవాలని ఊరూరా మీటింగులు జరిగేవి. ఎస్సెస్సెల్సీ గట్టెక్కి ఏలూరులో టైపు నేర్చుకుంటున్న నేను, నేర్చుకోవడం తక్కువగా, మీటింగుల్లో అరవడం ఎక్కువగా ఉండేవాణ్ణి. "ఒక జాతి విడిగా ఉంటానంటే, ఎందుకని నిలదీసే హక్కు ఇంకెవరికీ లేదు" అని బల్ల గుద్దేవాణ్ణి. (బల్ల లేనిచోట పక్కవాడి వీపు.) ఆ వీపు ఎప్పుడూ మా కొరమేనుదే. కైకలూరు దగ్గర కొల్లేటి లంకవాడు, నా గదిలోనే ఉండేవాడు. ఏ పనికి పిలిచినా జారిపోతాడని ఆ పేరు నేనే పెట్టాను. నా సభలకి మాత్రం తప్పకుండా వచ్చి, ముందు వరసలో కూర్చుని, చప్పట్లు ఎక్కడ కొట్టాలో తక్కినవాళ్లకి చూపించేవాడు.

కుర్రాళ్లమంతా కలిసి ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకుని మెస్సు నడుపుకునేవాళ్లం. సెక్రటరీని నేనే. ఇంటివాళ్ల షరతు ప్రకారం చేప పేరు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. తాడేపల్లిగూడెం మీటింగు అదరగొట్టి వచ్చిన మర్నాడు, కొరమేను మరో ఇద్దరు కొల్లేటి కుర్రాళ్లని వెంటేసుకుని నా ముందు నిలబడ్డాడు.

"సెక్రటరీ గారూ, మేం వేరే పొయ్యి పెట్టుకుంటామండీ. పక్క సందులో గది చూసుకున్నాం."

నిన్నటిదాకా 'ఒరేయ్' అన్న నోట 'అండీ' వచ్చింది. ఇహ మొదలుపెట్టాను. ముగ్గురితో మెస్సేమిటి, కట్టెలు ఎవరు కొడతారు, గంజి వార్చడమైనా వచ్చా అన్నాను. అడిగినప్పుడల్లా మారు నెయ్యి వేయించలేదా అన్నాను. బుధవారం బుధవారం కొల్లేటి పద్ధతిలో చేపల పులుసు పెట్టిస్తానని కూడా దిగొచ్చాను. (చేప మాత్రం ఉండదు.) దేనికీ లొంగకపోయేసరికి, రుబ్బురోలు మెస్సుది, ఇచ్చేది లేదని బెదిరించాను. కొరమేను అంతా నిదానంగా విన్నాడు.

"మీరు బాగానే చూశారండీ. కోపమేం లేదు. మా వంట మేం తినాలనుంది, అంతే."

"మాడిపోతే?"

"మాడితే మేమే తింటామండీ."

అప్పటిదాకా నేనన్న ప్రతి మాటా, మనం విడిపోకూడదని మద్రాసు పెద్దమనుషులు పత్రికల్లో రాసే మాటే. ముందురోజే వాటన్నిటినీ గూడెంలో చీల్చి చెండాడి వచ్చాను. పైగా నా బాధ కట్టెలూ కాదు, గంజీ కాదు. వీడు వెళ్లిపోతే భోజనాల దగ్గర నా పక్కన ఎవరు కూర్చుంటారని. మద్రాసువాళ్లకీ మనమంటే ఇంత ఇష్టముందా ఏమిటి ఖర్మ అని మొదటిసారి అనుమానమొచ్చింది. ఉన్నా సరే, ఆ ఇష్టం కోసం ఆగిపొమ్మనే హక్కు వాళ్లకి లేదు. మరి నాకెక్కడిది? కళ్లు తుడుచుకుని, ఆ రుబ్బురోలు నేనే ఓ చెయ్యి వేసి వీధిలో దొర్లించుకుంటూ వాళ్ల గదికి చేర్చాను. (పచ్చడి లేక మా మెస్సువాళ్లు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు.)

కొన్నాళ్లు ఆ సందు నిండా మాడు వాసనే. ఒక ఆదివారం పొద్దున్న కొరమేను మా గుమ్మంలోకొచ్చి, "ఒరేయ్, ఇవాళ మా మెస్సులో భోజనానికి రారా" అన్నాడు. వెళ్లాను. వాళ్ల పులుసు పెరట్లో ఉడుకుతోంది. చేప ముట్టని నా కోసం కొత్త చట్టిలో విడిగా వంకాయ కూర వండారు. నోట పెట్టలేనంత ఉప్పు. సెక్రటరీనైతే ఉపన్యాసమిచ్చేవాణ్ణి. అతిథిని కనక మారు వడ్డించుకున్నాను.

తరవాత చాలా ఏళ్లకి మన రాష్ట్రం మనకొచ్చింది. ఆ రాష్ట్రంలో ఏ చిక్కొచ్చినా మా వీధివాళ్లు, "దీనికేనా మాస్టారూ, మీరు బల్లలు గుద్దింది?" అని నన్ను ఆటపట్టిస్తారు. నాకు ఆ వంకాయ కూర గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఒకే మెస్సులో తిన్నన్నాళ్లూ కొరమేను నన్ను భోజనానికి పిలిచిందే లేదు. పిలవడానికి వాడికంటూ ఒక పొయ్యి ఉంటేగా.