బొగ్గు మెడలో ఇత్తడి బిళ్ళ

మా వదినకు కోపం రాదు. ఇంట్లో ఆ పని నాకు అప్పజెప్పారు. అన్నయ్య లారీ తోలుతూ నెలలో సగం రోజులు రోడ్ల మీదే ఉంటాడు. వదిన తాళాలు బాగుచేస్తుంది. నేను అదే షాపులో ఓ మూల కూర్చుని గొడుగులూ, బ్యాగుల జిప్పులూ బాగుచేస్తూ ముగ్గురి తరఫునా కోప్పడుతుంటాను. అందుకే ఇన్సూరెన్స్ ఏజెంటు సంగతి నేనే చెప్పాలి. వదినను అడిగితే "పోనిద్దూ" అంటుంది. నేను పోనివ్వను.

మా షాపు వెనక రెండు గదులున్నాయి. ఒకదాంట్లో మేముంటాం, రెండోదాంట్లో లుకేమియా పిల్లులుంటాయి. పిల్లులకు వైరస్ వల్ల వచ్చే ఆ జబ్బు మనుషులకు అంటదు, కుక్కలకూ అంటదు. పిల్లి నుంచి పిల్లికి మాత్రం ఉమ్మి ద్వారా పాకుతుంది. ఒకే గిన్నెలో తింటూ, ఒకదాన్నొకటి నాకుతూ ఉంటే చాలు. అయినా సరిగ్గా చూసుకుంటే ఏళ్ల తరబడి హాయిగా తిని తిరిగేవి ఉన్నాయి. ఆ మాట చివరిదాకా వినే ఓపిక ఎవరికుంది? జబ్బు పేరు చెవిన పడగానే పిల్లిని అట్టపెట్టెలో పెట్టి ఎక్కడో వదిలేస్తారు. అలా వదిలేసిన మొదటి పిల్లి మా షట్టరు ముందు దొరికింది. వదిన దాన్ని లోపలికి తీసుకుంది. అంతే, పెట్టెలు రావడం మొదలైంది.

వదిన పొద్దున లేవగానే ముందు ఆ గదిలోకే వెళ్తుంది. ఒక్కోదాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని పెదవి పైకెత్తి చిగుళ్లు చూస్తుంది. చిగుళ్లు తెల్లబడితే ఆ రోజు షాపు నాకు వదిలేసి డాక్టరు దగ్గరికి పరుగు. తిండి మానేసినదానికి మెత్తగా కలిపి వేలితో నాకిస్తుంది. "వదినా, అన్నయ్యకి ఎప్పుడైనా ఇలా తినిపించావా?" అని అడిగితే, "మీ అన్నయ్య తిండి మానేసిందెప్పుడే?" అంటుంది.

కాస్త కోలుకున్నవాటికి ఇల్లు వెతుకుతుంది. ఆ ఇంట్లో ఇంకో పిల్లి ఉండకూడదు, అది వదిన మొదటి షరతు. జబ్బు సంగతి మొహం మీదే చెబుతుంది. అది చాలదన్నట్టు, లాకర్ల తాళాలకు కట్టే ఇత్తడి బిళ్ళ ఒకటి తీసుకుని, సన్న ఉలితో అక్షరాలు చెక్కి పిల్లి మెడపట్టీకి తగిలిస్తుంది. "దీనికి లుకేమియా ఉంది. వేరే పిల్లితో కలపొద్దు" అని. పిల్లి మెడలో గంట కట్టేదెవరని లోకమంతా తలపట్టుకుంటే, మా ఇంట్లో ఆ బెంగే లేదు.

ఏజెంటు మా వీధి చివర అపార్టుమెంటులో ఉంటాడు. నోట్లో బెల్లం పెట్టుకుని పుట్టినట్టు మాట్లాడతాడు. వచ్చిన రోజే "అక్కా, అక్కా" అంటూ వదినను చుట్టేశాడు. మా గదిలో బొగ్గు అని ఒక నల్లపిల్లి ఉంది, పట్టులాంటి ఒళ్లు. అదే కావాలన్నాడు.

"ఇంట్లో వేరే పిల్లి ఉందాండీ?" అని అడిగింది వదిన.

"పిల్లి కాదు కదక్కా, పిల్లి బొమ్మ కూడా లేదు" అన్నాడు.

వదిన జబ్బు గురించి అంతా చెప్పింది, బిళ్ళ చూపించింది, బొగ్గుని చేతికిచ్చింది. నిజానికి ఆయనగారింట్లో అప్పటికే ఒక తెల్లపిల్లి ఉంది. దాని పక్కన నల్లది ఉంటే జంట చూడముచ్చటగా ఉంటుందని ఆయన ముచ్చట. కొన్ని నెలలకు తెల్లది చిక్కిపోయింది. డాక్టరు రక్తం పరీక్ష చేసి, జబ్బు పిల్లి పక్కన దీన్నెలా ఉంచారని గట్టిగా అడిగినట్టున్నాడు. మర్నాడు బొగ్గు మా షట్టరు ముందు అట్టపెట్టెలో ఉంది. మెడలో పట్టీ లేదు, బిళ్ళ లేదు.

ఇక మొదలుపెట్టాడు. జబ్బు సంగతి దాచిపెట్టి పిల్లిని అంటగట్టిందని కనపడిన ప్రతివాడికీ చెప్పాడు. "నేను చెప్పాను, బిళ్ళ కూడా కట్టాను" అని వదిన అంటే, "ఏ బిళ్ళ? నేను చూడనేలేదే" అన్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందట. పాపం పిల్లిని ఎందుకంటారో, ఈ మనిషిని చూపిస్తే సరిపోయేది.

తెల్లది చచ్చిపోయింది. ఎన్నడూ కళ్లచూడని ఆ పిల్లి కోసం వదిన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. పళ్లు నూరాను. ఈయన నోటితోనే నిజం కక్కించకపోతే నేను మనిషినే కాదనుకున్నాను.

పిల్లుల్ని అడిగేవాళ్లు రావడం మానేశారు. దాంతో పోయినా బాగుండేది. "పిల్లి జబ్బే దాచిన మనిషి మన తాళంచెవికి నకలు దాచదా?" అని ఎవరో అన్నారు. తాళాలవాళ్ల మీద అలాంటి మాట పడితే ఇంకేముంది? ఏజెంటు ఎదురు ఫ్లాటులో ఉండే టీచరుగారు, ఎంతో కాలంగా మా దగ్గరికొచ్చే మనిషి, కొత్త తాళం వేయించుకోడానికి బస్సెక్కి ఇంకెక్కడికో వెళ్లారు. దారిలో నేనడిగితే "నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా" అన్నారు. షాపు మూతపడితే వెనక గది ఉండదు. ఆ గది లేకపోతే బొగ్గుకీ, మిగతావాటికీ మళ్లీ అట్టపెట్టెలే గతి. వదిన పేరు నిలబడితేనే వాటికి బతుకు.

ఒక సాయంత్రం షాపుకి ఫోనొచ్చింది. నేనే ఎత్తాను. ఏజెంటు, వాచ్‌మన్ ఫోన్లోంచి. చెత్త పారేద్దామని బయటికొస్తే గాలికి తలుపు మూసుకుని తాళం పడిపోయిందట. తాళాలు లోపలే ఉన్నాయట. పొయ్యి మీద పాలున్నాయట.

"పాలూ మాడనీ, ఆయనా మాడనీ" అన్నాను వదినతో.

"ఆ బిల్డింగులో పసిపిల్లలున్నారే" అంటూ సంచీ భుజానికేసుకుంది. నేనూ వెనకే వెళ్లాను. సాయానికి కాదు, చూడ్డానికి.

బనియనూ లుంగీతో, చేతిలో ఖాళీ చెత్తబుట్టతో గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. "వచ్చారా అక్కా" అన్నాడు. మళ్లీ అక్క అయిపోయింది చూశారా.

వదినకు ఒక పద్ధతుంది. మూసుకుపోయిన తలుపు తీయాలంటే ఇద్దరు సాక్షులుండాలి. లోపల ఏముందో ఇంటివాళ్లు ఆ సాక్షుల ముందు చెప్పాలి. తలుపు తీశాక అది సరిపోవాలి. కన్నతల్లి తలుపైనా అంతే. టీచరుగారు, వాచ్‌మన్ వచ్చి నిలబడ్డారు.

"నేనెవరో తెలుసు కదక్కా, ఇప్పుడివన్నీ ఎందుకు?"

"అసలే నా మీద మాట పడిందండీ. మీ తలుపు ఊరికే తీస్తే ఇంకో మాట పడుతుంది. లోపల ఎదురుగా ఏముంది?"

"చెప్పుల స్టాండు, పైన అద్దం."

"తాళాలెక్కడ?"

"తలుపు పక్కన మేకుకి."

"గుత్తికి గుర్తేమైనా ఉందా?"

"గుండ్రటి ఇత్తడి బిళ్ళ ఉంటుంది. తొందరగా తీయండక్కా."

అన్నాక గానీ తానేమన్నాడో తెలియలేదు ఆయనకు. సంచీలోకి వెళ్లిన వదిన చెయ్యి ఆగిపోయింది.

"బిళ్ళ మీద ఏముందండీ?" మెల్లగా అడిగింది వదిన.

"ఏమీ లేదు. ఖాళీ."

"సరే. లోపల చూశాక చెప్పినదానికీ ఉన్నదానికీ తేడా వస్తే మాత్రం నేను పోలీసులకి చెప్పాల్సొస్తుంది. ఎవరికైనా ఇదే పద్ధతి."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తలుపు కింద నుంచి మాడు వాసన, సన్నగా పొగ. టీచరుగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నిప్పు లేనిదే పొగ రాదు కదండీ అందామనుకున్నాను. నోరు అదుపులో పెట్టుకోవడం నా జన్మలో అదే మొదలు.

"ఏదో రాసుంది, గుర్తులేదు."

"రోజూ చేత్తో పట్టుకునేదే కదా బాబూ, గుర్తులేకపోవడమేంటి?" అన్నారు టీచరుగారు.

ఆయన నేల చూస్తూ గొణిగాడు.

"వాచ్‌మన్‌కి వినపడలేదండీ" అంది వదిన.

"దీనికి లుకేమియా ఉంది. వేరే పిల్లితో కలపొద్దు."

వదిన సన్నటి రేకు సందులో దూర్చి ఇలా తిప్పిందో లేదో తలుపు తెరుచుకుంది. రెప్పపాటు పని. నేరుగా వెళ్లి పొయ్యి కట్టేసింది. టీచరుగారు గుత్తి మేకు నుంచి తీసి, కళ్లజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం బయటికి చదివారు. పిల్లలకు పాఠం చెప్పినట్టు రెండోసారి కూడా చదివారు. బతికినన్నాళ్లూ ఆ గొంతు నా చెవుల్లో ఉండాలని కోరుకున్నాను.

"బిళ్ళ బాగుందని పారేయబుద్ధి కాలేదక్కా" అన్నాడు ఏజెంటు.

పిల్లికి బిచ్చం పెట్టని మనిషి, పిల్లి మెడలోది మాత్రం వదల్లేదు. వదిన గుత్తి నుంచి బిళ్ళ ఊడదీసుకుని, తాళాలు ఆయన చేతిలో పెట్టింది.

పొద్దెక్కేసరికి వీధంతా తెలిసిపోయింది. టీచర్ల నోటికి మైకు అక్కర్లేదు. తాళాలు మళ్లీ రావడం మొదలయ్యాయి. ఏజెంటు ఒకసారి షాపుకొచ్చి, "నలుగురిలో పరువు తీశారు" అన్నాడు. ఆయనకు నేనిచ్చిన సమాధానం ఇక్కడ రాసేది కాదు. ఎదురుగా ఉన్న చెప్పుల కొట్టతను పని ఆపి మరీ విన్నాడు.

తర్వాత టీచరుగారే వచ్చారు. "పొరపాటు పడ్డానమ్మా. మా ఇంట్లో పిల్లుల్లేవు. బొగ్గుని నాకిస్తావా?" అన్నారు. వదిన వాళ్లింటికెళ్లి కిటికీల జాలీలు లాగి చూసింది, పక్కింట్లో ఇప్పుడు ఏ పిల్లీ లేదని కనుక్కుంది, సరేనంది. ఏజెంటు తలుపు తీస్తే ఎదురుగా కనపడేది టీచరుగారి వరండా కిటికీ. రోజంతా బొగ్గు కూర్చునేది అక్కడే. నాకు కడుపు నిండిపోయింది.

ఇచ్చే రోజు వదిన అదే బిళ్ళను వెనక్కి తిప్పి, నున్నగా ఉన్న వైపున మళ్లీ చెక్కడం మొదలుపెట్టింది. ఈసారి లావు ఉలి తీసుకుంది.

"పాత అక్షరాలు బానే ఉన్నాయి కదా వదినా, మళ్లీ ఎందుకు?"

బిళ్ళ మీది ఇత్తడి పొడి ఊదేసి, దాన్ని చాచిన చేతి దూరాన పట్టుకుని చూసుకుంది.

"అవి ఎదురు గుమ్మంలోకి కనపడవే" అంది.