మా మామగారి పళ్లెంలో ఏముంది

పోయిన గురువారం పొద్దున మా మామగారు కన్నుమూశారు. స్నానం చేసి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కాఫీకి పిలిస్తే పలకలేదు. మీలో ఎవరూ ఆయన్ని ఎరగరు. దొడ్డబళ్ళాపురంలో పట్టుచీరలు నేసి, నడుము నొప్పితో మగ్గం వదిలాక, బెంగళూరులో మాతో ఉండడానికి వచ్చిన మనిషి.

ఏది చూసినా అందులో ఏముందో తెలియాలి ఆయనకు. మిక్సీ బాగుచేసే అబ్బాయి వస్తే పక్కనే చతికిలబడేవారు. సబ్బు ర్యాపరు మీది సన్నక్షరాలు నాతో చదివించుకునేవారు. "తెలుసుకుంటే పోయేదేముండాదమ్మా?" అనేవారు.

షుగర్ ఉందని తెలిసిన కొన్ని నెలలకు ఆయన చిక్కిపోయారు. చొక్కాలు వదులయ్యాయి. ఇంటికొచ్చిన వాళ్లంతా "భలే కట్టుగా ఉండావప్పా" అని మెచ్చుకుంటుంటే మేమూ సంబరపడ్డాం. అప్పుడే ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాం. తిన్నవి రాస్తే కాలరీలు లెక్క చెప్పే వెబ్‌సైట్ ఒకటుందని ఆఫీసులో విని, నా బరువు కోసం ఖాతా తెరిచాను. ఆయన కుర్చీ లాక్కుని పక్కకొచ్చారు.

"ఏమ్మా, నేను తినింది గూడా చెప్తాదా అది?"

ఆయన పేరుతో ఇంకో ఖాతా తెరిచాం. రాగిముద్ద అని కొడితే ఆ వెబ్‌సైట్‌కు తెలియలేదు. "పాపం, ఎప్పుడూ తినుండదులే," అని నవ్వారు. అత్తమ్మను బతిమాలి పిండి తూకం వేయించి, ముద్దను మేమే అందులో చేర్చాం. బస్సారు దగ్గర పెద్ద చర్చే జరిగింది. పప్పూ ఆకుకూరా ఉడికించి వంచిన నీళ్లతో కాచే చారు అది.

"నీళ్లలోకి ఏం దిగుతాది, పప్పులో ఏం మిగుల్తాది?" అని ఆయన.

"పోసుకొని తినక ఈ పరీక్షలేంది?" అని అత్తమ్మ.

కొన్నాళ్లకు నాకు అనుమానం వచ్చింది. ఆయన వయసుకూ ఎత్తుకూ కావలసిన దాంట్లో సగం కూడా తినడం లేదని తెర మీద కనిపిస్తోంది. మాంసకృత్తులైతే మరీ తక్కువ.

"మామా, ఏమన్నా చెప్పడం మర్చిపోతున్నారా?"

ఆయన తెర వైపే చూస్తూ చెప్పారు. "మరిచేదేం లేదమ్మా. అంతే తింటాండా. మాయన్నకి షుగర్‌తో కండ్లు పోయినాయి. చెయ్యి పట్టుకొని నేనే నడిపిస్తా ఉంటి. అప్పట్నించీ తినేకి భయమైతాది."

ఇన్నాళ్లూ మేమంతా మెచ్చుకున్నది ఆ భయాన్నని అప్పుడర్థమైంది.

మర్నాడు తెర మీదున్నవన్నీ ప్రింటు తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె చూసి కళ్లజోడు తీసేశారు. "తాతా, మాత్ర వేసుకుని ఇట్లా కడుపు మాడిస్తే కళ్లు తిరిగి పడిపోతారు. తగ్గించమన్నా గానీ మానమన్లేదు," అన్నారు. ఏ పూట ఎంత తినాలో, మొలకెత్తిన పెసలు ఎందుకు మంచివో విడమరిచి చెప్పారు. దారిలో ఆయన నన్నడిగిన మొదటి మాట, "పెసలు మొలకెత్తితే లోపల ఏం మారతాదమ్మా?"

ముద్ద చిన్నదైంది, అనపగింజల కూర పెరిగింది. రాత్రి వట్టి మజ్జిగకు బదులు గోధుమ రొట్టె, పప్పు వచ్చాయి. ఒంట్లో సత్తువ వచ్చింది. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లను ఆపి, "దీంట్లో ఏమేమి యేసినారప్పా?" అని అడగడం మొదలుపెట్టారు. ఒకసారి వంటాయనే గరిటెతో బయటికొచ్చి, పక్కన కూర్చుని కూటు సంగతి చెప్పిపోయాడు. వెనక పంక్తికి ఆలస్యమైంది. ఎవరూ ఏమనలేదు. మామగారి కళ్లు చివరిదాకా బాగున్నాయి.

ఈ మధ్య ఒక ఎండపూట మేడ మీద రాగులు ఆరబోశాను. ఆయన్ని కాపలా కూర్చోబెట్టాను. కాసేపటికి వెళ్లి చూస్తే, చేట అంచున ఒక పిచ్చుక.

"ఇంత పిట్టకి దినానికి ఎన్ని కాలరీలు కావాల్నో? చూడు దాంట్లో," అన్నారు మెల్లగా.

"పిట్టలకు ఖాతా ఇవ్వరు మామా."

నవ్వారు గానీ దాన్ని తోలలేదు. మోకాళ్ల మీద చేతులుంచి, ముందుకు వంగి, అది ఒక్కో గింజా ముక్కుతో దొర్లించి మింగడం చూస్తూ కూర్చున్నారు.