రెండు మిల్లీల భూమేష్

గల్ఫుల ఈ సులైల మా షెడ్డుకొచ్చి భూమేష్ ఏడి అంటె ఏ భూమేష్ అని అడుగుతరు. రెండు మిల్లీల భూమేష్ అంటె గేటు కాడ వాచ్‌మన్ సుత నవ్వుకుంట చూపెడతడు. ఆ పేరు పెట్టింది నేనే. నా పేరు జనార్దన్. ఆయన అల్యూమినియం కిటికీలు చేస్తడు, పక్క బల్ల మీద నేను వాటికి అద్దాలు కోస్త. ఇద్దరిది జగిత్యాల దిక్కే.

కిటికీకి ఒక్క మిల్లీ తేడా వచ్చినా సరే, ఊడదీసి మళ్ల చేస్తడు. మా ఫోర్‌మన్ ఇష్తియాక్ భాయి పాకిస్తానాయన. "ఛోడో యార్, కౌన్ దేఖేగా?" అంటడు. "మై దేఖేగా" అంటడు మనోడు, నేను చూస్త కదా అని. పండుకునేటప్పుడు సుత టేపు జేబులనే ఉంటది. ఒకపాలి మెస్సుల చపాతీ కొలిచిండు. అబద్ధం కాదు, నా చపాతీనే.

పోయిన కాంట్రాక్టు ఆఖర్ల ఛుట్టీకి ఇంటికి పోయొచ్చినంక, పెండ్లయిన ఆరేండ్లకు ఆయన పెండ్లాం శ్రీలత నీళ్లు పోసుకున్నది. స్కానింగ్ చేపిచ్చినప్పుడల్లా రిపోర్టు ఫోన్ల పంపుతుండె. మనోనికి ఇంగ్లీషు రాదు గని అంకెలొస్తయి. అందుకే ఆమె ప్రతి అంకె పక్కన తల, పొట్ట, తొడబొక్క అని తెలుగుల రాసేది. ఐదో నెలల తొడబొక్క ముప్పై మూడు మిల్లీలు. ఈయన అల్యూమినియం తుంట అంతే కోసి మంచానికి ఏలాడదీసిండు. ఏడో నెలల యాభై మూడు. ఇంకో తుంట. చాయ్‌కి వచ్చినోళ్లందరికి "నా బిడ్డ తొడబొక్క" అని చూపెట్టుడే పని.

ఏడో నెల రిపోర్టులనే కిడ్నీలు సుత ఉన్నయి. ఒకటి ముప్పై ఎనిమిది, ఒకటి ముప్పై ఆరు.

మనోని మొకం మాడిపోయింది. "అన్నా, రెండు మిల్లీలు తేడా వచ్చిందే."

"ఏ కిటికీల?"

"కిటికీ కాదన్నా. బిడ్డ కిడ్నీలల్ల."

అన్నం ముట్టలే. ఛుట్టీ కాయితం తెచ్చి రాస్తున్నడు. రెండేండ్ల కాంట్రాక్టుకు ఒక్కటే ఛుట్టీ మాకు, నడుమ ఎప్పుడన్న తీస్కోవచ్చు. కాన్పు నెలకని దాచుకున్నడు దాన్ని. ఇప్పుడు పోతె బిడ్డ పుట్టినప్పుడు ఈన్నే కిటికీలు బిగించుకుంట ఉండాలె.

"ముందుగాల శ్రీలతకు ఫోన్ చెయ్యి" అని కాయితం గుంజుకున్న.

చేసిండు. స్పీకర్ పెట్టిండు, చుట్టూ మేమందరం.

"డాక్టరమ్మ మంచిగుందన్నదని చెప్పిన కదా! ఏ నెలకు ఎంతుండాలెనో, ఇంతకెళ్లి ఇంత దాంక అని వాళ్లకు లెక్కుంటదట. రెండూ అండ్లనే ఉన్నయట. ఎడమకు కుడికి జెర తేడా అందరికుంటదట."

"నువ్వు పరేషాన్ అయితవని అట్ల చెప్పిందేమో."

"జనార్దనన్నా, ఉన్నవా?"

"ఉన్న చెల్లె."

"ఆ టేపు గుంజుకొని మీ తమ్ముని చెవులు కొలువే. పెండ్లిచూపులల్లనే చూసిన, ఒకటి పెద్దది ఒకటి చిన్నది. నేనేమన్న వాపస్ పంపిన్నా?"

ఇష్తియాక్ భాయి భూమేష్ తలకాయ పట్టుకున్నడు, నేను కొలిచిన. ఎడమది అరవై ఆరు, కుడిది అరవై మూడు. షెడ్డంత ఒకటే నవ్వుడు. ఆ ఊపుల ఇష్తియాక్ భాయి మీసాలు సుత కొలిచినం, నాలుగు మిల్లీలు తేడా! ఆయన గుస్సయి బాత్‌రూంల అద్దం కాడికి ఉరికిండు.

భూమేష్ ఒక్కడు నవ్వలే. టేపు తీస్కొని తనే మళ్ల కొలుచుకున్నడు. "మూడా? కిడ్నీల కంటె ఎక్కువనే కదా" అన్నడు. చెవి తడుముకున్నడు. మంచిగనే ఇనవడుతుంది కదా మరి. లేచిపోయి రెండు పళ్లేలు తిన్నడు. ఛుట్టీ కాయితం తేదీ లేకుంటనే పెట్టెలకు పోయింది.

కాన్పు నెలల పోయిండు. ఆయన ఇంట్లకు రాంగనే శ్రీలత బ్యాగు దేవులాడి టేపు తీసి బీరువాల పెట్టి తాళమేసిందట. బిడ్డ పుట్టిన మూడో దినం నాకు ఫోను. గుసగుస.

"అన్నా, దారంతోని కొలిచిన. బిడ్డది సుత ఎడమ చెవే ఒక మిల్లీ పెద్దగుందే!"

ఎనుక నుంచి శ్రీలత గొంతు, "చేతిల ఆ దారమేంది?"

ఫోన్ కట్టయింది.