రుమాలులో వడపోసిన పాలు

నా చిన్నప్పుడు తొండుపల్లిలో మాది పెద్దిల్లు. ఆ మాట చెప్పడానికి నేనిప్పటికీ వెనుకాడను. భూములు చేజారిపోయి, మంద ఉండే కొట్టంలో ఒక్క బర్రె మిగిలింది. అయినా మా తాతయ్య తలకు గంజి పెట్టిన తెల్ల రుమాలు చుట్టుకోనిదే గడప దాటేవాడు కాదు. పిల్లలం పొదుగు వేడి ఆరని గుమ్మపాలే తాగేవాళ్లం. పాలు కాచుకోవడం కొనుక్కుని తాగేవాళ్ల పని అని ఆయన నమ్మకం.

ఆ పాల మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఒక వానాకాలం మా తమ్ముడు జ్వరంతో, విరేచనాలతో పోయినప్పుడు కూడా దిష్టి తగిలిందనే అన్నారు. మరుసటి వానలకు చెల్లెలు అలాగే పడిపోయింది. కళ్లు గుంటలు పడ్డాయి. ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు. శంషాబాద్ దవాఖానలో డాక్టరు మందులిచ్చి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు పట్టమన్నాడు. పచ్చిపాలు మాత్రం వద్దన్నాడు. తాతయ్యకు అది తిట్టులా తగిలింది. "మా బర్రె పాలల్ల రోగమా? ఏంది ఆయన మాట్లాడేది!" అని దారి పొడుగునా గొణిగాడు.

మర్నాడు పొద్దున చెల్లెలు పాలడిగింది. తాతయ్య గుమ్మపాలే తెమ్మన్నాడు. ఆయనకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. భర్త పోయి పుట్టింట ఉంటున్న మా మేనత్త పాలు పిండుకొచ్చింది. వస్తూ వస్తూ దండెం మీది తాతయ్య రుమాలు లాగి, గిన్నెకు అడ్డంగా కట్టి, పాలన్నీ దానిలోంచి వడపోసింది. ఆ రుమాలును ముట్టుకునే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

తడి గుడ్డను ఆయన ముందు పరిచింది. పేడ నలుసులు, బర్రె వెంట్రుకలు, నల్లటి మడ్డి.

"బాపూ, గిది నెత్తికి చుట్టుకుంటవా?"

తాతయ్య గుడ్డ మీదికి వంగి చూశాడు.

"నీ నెత్తికి పనికిరానిది పొల్ల కడుపుల పోస్తున్నం. ఇది కండ్లకు కనవడేది. కనవడనిది ఇంకెంతున్నదో! గది వడపోస్తే పోదు, మరగాలె."

ఎన్నడూ వంటింట్లో అడుగుపెట్టని మనిషి వెళ్లి పొయ్యి ముందు కూలబడ్డాడు. పాలు బాగా మరిగేదాకా కదల్లేదు. పొంగును చూస్తూ, "పిలగానికి గూడ గివ్వే పోసినం గద, బిడ్డా" అన్నాడు. అత్త కట్టెను లోపలికి తోసింది.

చెల్లెలు చావు అంచుదాకా వెళ్లి తిరిగొచ్చింది. ఆ ఇంటి పౌరుషం నాలో ఇంకా ఉంది. 'మా ఇంట్లో ఇంతే' అనే మాట ఈ వయసులోనూ నా నోటిదాకా వస్తుంది. అప్పుడు ఆగి, ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ల వైపు చూస్తాను. తమ్ముడి ముఖం నాకిప్పుడు సరిగ్గా గుర్తు రాదు. పాలు తాగాక వాడి పై పెదవి మీద నిలిచే తెల్లటి నురగ మాత్రం గుర్తుంది.