గంట మోగితే మంచం కింద

2011 వేసవి. చిక్కడపల్లి దగ్గరి ఫైర్ స్టేషన్‌లో ఉదయం ఎనిమిదింటికి రిపోర్ట్ చేశాను. ఎండ అప్పటికే చుర్రుమంటోంది. గంబూట్లు, హెల్మెట్, ఒక ఇనుప మంచం ఇచ్చారు. సరిహద్దులో సర్వీసు చేసొచ్చిన నాకు ఇవేవీ కొత్త కావు. దిగులే కొత్త. పెన్షన్ తీసుకుని ఇంట్లో కూర్చున్న ఏడాదిలో, నేనిక ఎవరికీ పనికిరాననే మాట మనసులో పాతుకుపోయింది. నిద్ర పట్టేది కాదు. ఈ ఉద్యోగమైనా నన్ను మళ్లీ మనిషిని చేస్తుందా అన్నదే నా ఆరాటం.

పదింటికి గంట మోగింది. నేను మంచం కింద బోర్లా పడ్డాను. కొండ మీది పోస్టులో తుపాకుల మోత వినబడితే చేసే పని అదే. ఒళ్లు నన్నడగలేదు.

డ్రైవర్ బూట్లు తొడుక్కుంటూ వంగి చూశాడు. "అన్నా, ఏంది గట్ల పండుకున్నవ్? ఈడ గంట కొడితే ఉరుకుడే!"

అది డ్రిల్ గంట. మా లీడింగ్ ఫైర్‌మన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ వారమంతా నాకు ఇరానీ చాయ్ ఇచ్చేటప్పుడు చెంచాతో గ్లాసు మీద టింగుమనిపించి, "పండుకో హవల్దార్ సాబ్!" అనేవాడు. మొదట ఒళ్లు మండింది. తర్వాత నాకే నవ్వాగలేదు. ఏడాదిలో అదే మొదటి నవ్వు.

నెల తిరక్కుండానే అసలు గంట మోగింది. అశోక్ నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టల్. కింద వంటగదిలో మంటలు. ఈసారి ముందుగా బండెక్కింది నేనే.

వైర్‌లెస్‌లో లీడింగ్ ఫైర్‌మన్ చెప్పాడు: "కంట్రోల్, మెట్ల నిండ పొగ. మూడో అంతస్తుల ఒక పిల్ల ఉంది. నిచ్చెన ఏస్తున్నం."

ఎక్కాను. బాల్కనీలో ఆ అమ్మాయి రెయిలింగ్‌ను కరుచుకుని ఉంది.

"నాతోని కాదన్నా. కిందికి చూస్తే కండ్లు తిరుగుతున్నయ్."

"కిందికెందుకు చూస్తవ్? నా మొఖం చూడు. బాగలేకున్నా జర ఓర్సుకో."

ఫక్కున నవ్వింది. రెయిలింగ్ వదిలి నా కాలరు పట్టుకుంది. సగం దిగాక, "ఎల్లుండి పరీక్ష ఉందన్నా," అంది.

"రాద్దువు గని, ముందు కాలు పెట్టు."

మంట ఆరింది. ఎవరికీ ఏమీ కాలేదు. స్టేషన్‌కు వచ్చి బూట్లతోనే పడి నిద్రపోయాను. సాయంత్రం దాకా ఎవరూ లేపలేదు. ఇంత హాయి ఉంటుందని మరిచేపోయాను.

2014లో ఈ యూనిఫాం కూడా విప్పేసి ఇంటికొచ్చాను. అందరూ సరిహద్దు గురించే అడుగుతారు. నాకు మాత్రం నిచ్చెన మొదట్లో నిలబడ్డ ఆ పిల్లే కళ్లలో మెదులుతుంది. రెండు కాళ్లూ నేల మీదున్నాయి. కాలరు మాత్రం వదల్లేదు.

"దిగినవ్ బిడ్డా," అన్నాను.

"తెలుసన్నా," అంది. వదల్లేదు.