సున్నపు గోడ ముందు పీట

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు: ఆ రోజు పీటను జరిపింది నేనే.

మా మేనత్తది రాయచోటి. ఆడపిల్లల రంగు మార్చడంలో ఆమెకు పేరుంది. నా పెళ్ళిచూపులకు రెండు రోజుల ముందే కమలాపురంలోని మా ఇంట్లో దిగి, పడసాల తూర్పు గోడకు మూడు పూతలు సున్నం కొట్టించింది. సాయంత్రం నాలుగింటికి మిద్దె గవాక్షంలోంచి ఎండ ఆ గోడ మీద పడుతుంది. ఎదురుగా పీట వేసి పిల్లను కూర్చోబెడితే గోడ వెలుగంతా ముఖానికి వస్తుంది. ఈ ఉపాయంతోనే ముగ్గురు పిల్లలను ఎర్రగా చూపించి సాగనంపింది. తెల్లారాక వాళ్ళ అత్తగార్లు ఏమన్నారో ఎన్నడూ విచారించలేదు.

నాకు కర్నూలు కాలేజీలో సీటు వచ్చి ఉంది. సంబంధం కుదిరితే ఆ కాగితం పొయ్యిలోకే. వద్దనే నోరు నాకు లేదు. ఉన్నదల్లా డైరీ, అన్న వదిలేసిన సైన్సు పుస్తకం. అందులో చదివాను: చందమామ మీది రాయి మన కడప నల్లబండకంటే పెద్ద తెలుపేమీ కాదట. వెనక ఆకాశం ఇంకా నలుపు గనక అంతగా వెలుగుతోందట. మరి వెనక తెలుపుంటే?

పెళ్ళికొడుకు వాళ్ళు బండి దిగారని అత్త వాకిట్లోకి పరుగెత్తగానే, పీటను ఆ గోడ మొదట్లోకే జరిపి, గోడకు వీపు పెట్టి కూర్చున్నాను. ఎండ నా తలపైన గోడ మీద పడింది. నేను కింద నీడలో. తల వంచుకోవడం నాకు అలవాటే, ఎవరికీ అనుమానం రాలేదు.

పెళ్ళికొడుకు తల్లి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పాప యాడుండాదమ్మా? నాకు గోడొక్కటే కనపడతాండాది."

"చందమామ మాదిరి పిల్ల కావాలని ముందే చెప్పింటిమి గదప్పా," అన్నాడు ఆమె భర్త, మా నాన్నతో.

ఉన్నది అచ్చంగా చందమామ మాదిరి పిల్లేనని చెప్పాలనిపించింది. పెళ్ళికొడుకు నాకంటే ఒక పూత ఎక్కువే నలుపు. అతని కోసం ఎవరూ సున్నం కలపలేదు.

బజ్జీలు ఒక్కటీ వదలకుండా తిని, పిల్ల శానా నలుపని తేల్చి వెళ్ళారు. అత్త సున్నం కొట్టినవాణ్ణి తిట్టింది. పీట సంగతి ఆమెకు తట్టనే లేదు.

మర్నాడు బస్సు దగ్గర నాన్న, "ఇంగేం చేద్దామక్కా?" అని అడిగాడు. అత్త మెట్టెక్కి నా వైపు తిరిగింది. కాలేజీలో చేరినదానితో ఆమె మళ్ళీ మాట్లాడలేదు గనక, నాతో అన్న చివరి మాటలు ఇవే:

"సున్నం గోడకు గాదు మే, నీ మొగానికి కొట్టించాల్సింది. నిన్నెవురు చేసుకుంటారు? పో, ఆ కాలేజీకే పో!"